ప్రైజు ప్రకటించినవాళ్ళు, గడియారం చేసినవాడు

(పాలిటెక్నిక్ కాలేజీలో మెకానికల్ విద్యార్థుల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నడిసముద్రంలో ఓడ రేఖాంశం చెప్పినవాళ్ళకి బ్రిటన్ ప్రకటించిన బహుమతి, దానికోసం గడియారం చేసిన జాన్ హారిసన్, ఈ రోజు వాళ్ళ కథ చెబుతాను. ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. మన గడియారం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుందని మీకు తెలుసు. భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు, చుట్టంటే 360 డిగ్రీలు. కాబట్టి గంటకి 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. ఐదున్నరని 15తో హెచ్చవేస్తే 82.5. మన దేశ సమయానికి ఆధారమైన రేఖాంశం అదే, 82న్నర డిగ్రీల తూర్పు. అది కాకినాడకి కాస్త తూర్పుగా, తుని పరిసరాల మీదుగా పోతుంది.

అంటే, ఒకే క్షణంలో రెండు చోట్ల టైమెంతో తెలిస్తే చాలు, ఆ రెండూ తూర్పు పడమరలుగా ఎంత దూరంలో ఉన్నాయో తెలిసిపోతుంది. నడిసముద్రంలో ఓడ ఉంది. సూర్యుడు ఆ రోజుకి బాగా ఎత్తుకి వచ్చినప్పుడు అక్కడ మధ్యాహ్నం అన్నమాట. అదే క్షణంలో బయలుదేరిన రేవులో టైమెంతో చెప్పే గడియారం ఓడలో ఉంటే, మిగిలింది తీసివేతే. అక్షాంశానికి ఈ బాధ లేదు. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో చూసి చెప్పేయొచ్చు. రేఖాంశానికి అలాంటి గుర్తు ఆకాశంలో ఎక్కడా లేదు.

లెక్క ఇంత తేలికైతే మరి ఇబ్బంది ఎక్కడ? గడియారం దగ్గర. 1700 ప్రాంతంలో మంచి గడియారమంటే లోలకం ఉన్నదే. దాన్ని ఓడలో పెడితే ఓడ ఊగినట్టల్లా లోలకం గతి తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. జేబు వాచీలు రోజుకి నిమిషాల లెక్కన తప్పేవి. వేడికి లోహం సాగుతుంది, చలికి కుదించుకుపోతుంది, నూనె చిక్కబడుతుంది. ఒక్క నిమిషం తప్పితే పావు డిగ్రీ, భూమధ్యరేఖ దగ్గర 15 నాటికల్ మైళ్ళు. చీకట్లో రాళ్ళ తీరానికి చేరువవుతున్న ఓడకి 15 మైళ్ళంటే ప్రాణాలతో సమానం.

1707 అక్టోబరులో అడ్మిరల్ సర్ క్లౌడెస్లీ షవెల్ నాయకత్వంలో ఇంటికి తిరిగొస్తున్న బ్రిటిష్ నౌకాదళం ఇంగ్లండ్ నైరుతి కొనకి అవతలున్న సిలీ దీవుల దగ్గర రాళ్ళకి కొట్టుకుంది. నాలుగు ఓడలు పోయాయి. చనిపోయినవాళ్ళు 1,400 మందికి తక్కువ ఉండరని అంచనా. ఆ రోజు తప్పింది రేఖాంశం ఒక్కటే కాదు, అక్షాంశం లెక్క కూడా తేడాగా ఉంది. అయినా ఆ ప్రమాదం జనం మనసులో నిలిచిపోయింది. ఏడేళ్ళకి, 1714లో, పార్లమెంటు ఒక చట్టం చేసింది. రేఖాంశాన్ని ఒక డిగ్రీ తేడా లోపల చెప్పే పద్ధతికి 10,000 పౌన్లు, మూడింట రెండు వంతుల డిగ్రీ అయితే 15,000, అర డిగ్రీ అయితే 20,000. పరీక్ష ఏమిటంటే బ్రిటన్ నుంచి వెస్టిండీస్ దాకా ప్రయాణం. అర డిగ్రీ అంటే 2 నిమిషాలు. ప్రయాణానికి ఆరు వారాలు పట్టిందనుకోండి, గడియారం రోజుకి 3 సెకన్లు కూడా తప్పకూడదు.

ఆ చట్టంలో ఇంకో షరతు ఉంది. ఈ పద్ధతి సముద్రం మీద ఆచరణకి వీలైనదని, ఉపయోగపడేదని తేలాలి. తేలడానికి ఎన్ని ప్రయాణాలు కావాలి, ఎన్ని గడియారాలు కావాలి, ఎవరెవరు చేసి చూపించాలి అన్నది చట్టం చెప్పలేదు. తీర్పు చెప్పే కమిషనర్ల జాబితా మాత్రం చాలా వివరంగా ఉంది. నౌకాదళం పెద్దలు, పార్లమెంటు స్పీకరు, రాయల్ సొసైటీ అధ్యక్షుడు, గ్రీనిచ్‌లో ఉండే రాజ ఖగోళ శాస్త్రవేత్త, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి గణితం ప్రొఫెసర్లు. గడియారాల పని తెలిసినవాడు ఆ జాబితాలో లేడు. పైగా న్యూటన్ అంతటివాడు పార్లమెంటు కమిటీకి ఏం చెప్పాడంటే, ఓడ కదలికనీ వేడినీ చలినీ తేమనీ తట్టుకునే వాచీ ఇంతవరకు ఎవరూ చేయలేదని. ఆ రోజుకి అది నిజమే. కానీ ఆ మాట పెద్దల మనసుల్లో అలాగే ఉండిపోయింది. సమాధానం ఆకాశం నుంచే వస్తుందని వాళ్ళ నమ్మకం.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ కథని చాలామంది ఒక మంచివాడు, కొందరు దుర్మార్గులు అన్నట్టు చెబుతారు. నాకలా అనిపించదు. అధికారులు చివరికి అడిగిన ప్రశ్న సరైనదే. దాన్ని పరీక్ష నెగ్గాక అడగడం అన్యాయం.

ఇక మనవాడి దగ్గరికి వద్దాం. జాన్ హారిసన్ 1693లో యార్క్‌షైర్‌లో పుట్టాడు, లింకన్‌షైర్‌లోని బారో అనే ఊళ్ళో పెరిగాడు. వడ్రంగి. పెద్ద చదువు లేదు. ఇరవై ఏళ్ళకే గడియారం చేశాడు, పళ్ళ చక్రాలతో సహా దాదాపు అంతా చెక్కతోనే. 1722 ప్రాంతంలో బ్రాక్లెస్బీ పార్క్ అనే ఎస్టేట్‌లో గుర్రపుశాల గోపురం మీదికి ఒక గడియారం చేశాడు. రాపిడి ఉండే చోట్ల లిగ్నమ్ విటే అనే కర్ర వాడాడు. ఆ కర్రలోనే జిడ్డు ఉంటుంది, బయటి నుంచి నూనె వేయక్కర్లేదు. ఆ కాలంలో గడియారాల్ని పాడుచేసేది నూనేనని మీరు గుర్తుపెట్టుకుంటే, ఈయన చేసిన పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

తర్వాత లోలకం. వేడికి కడ్డీ సాగుతుంది, లోలకం పొడవు పెరుగుతుంది, గడియారం వెనకబడుతుంది. హారిసన్ ఏం చేశాడంటే, ఉక్కు కడ్డీల పక్కన ఇత్తడి కడ్డీలు పెట్టి, ఉక్కు కిందికి సాగితే ఇత్తడి పైకి సాగేలా అమర్చాడు. ఇత్తడి ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి కడ్డీల పొడవులు సరిగ్గా ఎంచుకుంటే ఒకదాని సాగుడు ఇంకోదానితో కొట్టుకుపోతుంది, లోలకం బరువు ఉన్నచోటే ఉంటుంది. ఎంత పొడవు అన్నది పుస్తకంలో చూసి తెలుసుకునే వీలు లేదు. చల్లటి గదిలో ఒక గడియారం, వెచ్చటి గదిలో ఒకటి పెట్టి పోల్చుకుంటూ తేల్చాడు. తమ్ముడు జేమ్స్‌తో కలిసి చేసిన ఆ గడియారాలు నెలకి ఒక సెకను మించి తప్పేవి కాదని ఆయన చెప్పుకున్నాడు.

1730లో లండన్ వచ్చి ఎడ్మండ్ హాలీని కలిశాడు. అవును, తోకచుక్క హాలీయే, అప్పటి రాజ ఖగోళ శాస్త్రవేత్త. హాలీ ఈయన్ని జార్జ్ గ్రహమ్ అనే పేరున్న గడియారాల నిపుణుడి దగ్గరికి పంపాడు. గ్రహమ్ మాట విని, మెచ్చి, డబ్బు అప్పిచ్చాడు. చూడండి, మొదట్లో పెద్దలెవరూ ఈయన్ని తరిమెయ్యలేదు. ఆ సహాయంతో 1735కి మొదటి సముద్ర గడియారం తయారైంది. దాన్ని ఇప్పుడు హెచ్1 అంటున్నాం. దాదాపు 34 కిలోలు. లోలకం లేదు. బదులుగా రెండు పెద్ద కడ్డీలు స్ప్రింగులతో ఒకదానికొకటి కలిపి, ఎదురెదురుగా ఊగుతుంటాయి. ఓడ ఒకదాన్ని తోస్తే ఇంకోటి దాన్ని సరిచేస్తుంది.

1736లో నౌకాదళం దాన్ని సెంచూరియన్ అనే ఓడలో లిస్బన్ పంపింది, హారిసన్‌తో సహా. తిరిగొచ్చింది ఆర్‌ఫర్డ్ అనే ఓడలో. ఇంగ్లండ్ తీరం కనబడగానే, ఓడ దారి లెక్క చూసే మాస్టర్ అది స్టార్ట్ అనే కొన అన్నాడు. హారిసన్ కాదన్నాడు, లిజర్డ్ కొన అన్నాడు. హారిసన్ మాటే నిజమైంది. మాస్టర్ లెక్క 60 మైళ్ళకి పైగా తప్పింది. ఆ మాస్టరే తర్వాత సర్టిఫికెట్ రాసిచ్చాడు.

1737లో కమిషనర్లు సమావేశమయ్యారు. చట్టం వచ్చిన 23 ఏళ్ళకి మొదటిసారి కూర్చున్నారు. ఆ రోజు హారిసన్ వెస్టిండీస్ పరీక్ష అడిగి ఉంటే ఇచ్చేవారేమో. ఆయన అడగలేదు. తన గడియారంలో లోపాలు తనే చెప్పి, ఇంకోటి ఇంతకన్నా చిన్నది, మంచిది చేస్తాను, 500 పౌన్లివ్వండి అన్నాడు. ఇచ్చారు. ఇక్కడ తప్పు హారిసన్‌దే అంటాను నేను. పనిచేసే వస్తువు చేతిలో ఉండగా పరిపూర్ణమైన దాని కోసం వెళ్ళాడు. హెచ్2 చేసి, దాన్నీ వద్దనుకుని హెచ్3 మొదలుపెట్టాడు. ఆ ఒక్కదానికే 19 ఏళ్ళు పట్టింది.

ఆ ఏళ్ళలో ఏం జరిగిందో కూడా చూడాలి. హెచ్1ని మోసుకెళ్ళిన అదే సెంచూరియన్ 1741లో కమొడోర్ ఆన్సన్ కింద పసిఫిక్‌లో ఉంది. సిబ్బందికి తాజా కూరగాయలు లేక వచ్చే స్కర్వీ జబ్బు పట్టింది, రోజూ మనుషులు చచ్చిపోతున్నారు. తాజా నీళ్ళు, కూరగాయలు దొరికే హువాన్ ఫెర్నాండెజ్ దీవికి చేరాలి. అక్షాంశం తెలుసు. కానీ దీవి తూర్పున ఉందో పడమర ఉందో తెలియదు. పడమరకి వెళ్ళారు, దగ్గరికొచ్చి నమ్మకం పోయి తూర్పుకి తిరిగారు, చిలీ తీరం కనబడ్డాక మళ్ళీ పడమరకి. ఆ తిరుగుడులో పదుల మంది ప్రాణాలు పోయాయి. ఐదేళ్ళ కిందట ఆ ఓడలోనే గడియారం ఉంది.

హెచ్3 వల్ల ఓడలకి పెద్ద ఉపయోగం కలగలేదు కానీ మనకి కలిగింది. ఉక్కు, ఇత్తడి రేకుల్ని ఒకదానికొకటి అతికిస్తే వేడికి ఆ పట్టీ వంగుతుంది. ఇస్త్రీ పెట్టెలో థర్మోస్టాట్ ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. రోలర్లని ఒక చట్రంలో బిగించి తిప్పే బేరింగ్ కూడా అందులోదే. మీ వర్క్‌షాపులో రోజూ చేతుల్లో పట్టుకునే బేరింగులకి మూలం అది.

చివరికి దారి చూపించింది ఒక జేబు వాచీ. తన సొంత వాడకం కోసం జాన్ జెఫ్రీస్ అనే వాచీల నిపుణుడి చేత తన డిజైన్‌తో చేయించుకున్న వాచీ ఊహించనంత బాగా నడిచింది. భారీ గడియారాలు ఓడ కుదుపుల్ని తట్టుకోలేవు, చిన్న చక్రం చాలా వేగంగా ఊగితే తట్టుకుంటుందని ఆయనకి అర్థమైంది. 1759కి హెచ్4 సిద్ధం. 13 సెంటీమీటర్ల వాచీ, దాదాపు కిలోన్నర బరువు, సెకనుకి ఐదుసార్లు టిక్కుమంటుంది. లోపల రాపిడి చోట్ల వజ్రాలు, కెంపులు.

1761 నవంబరులో కొడుకు విలియం దాన్ని తీసుకుని డెట్‌ఫర్డ్ అనే ఓడలో జమైకా బయలుదేరాడు. దారిలో మదీరా దీవుల దగ్గర ఆగి తాగడానికి సరుకు ఎక్కించుకోవాలి, ఓడలో బీరు పాడైపోయింది. ఓడవాళ్ళ లెక్కకీ వాచీ లెక్కకీ దాదాపు డిగ్రీన్నర తేడా వచ్చింది. ఇలాగే పోతే రేపు పొద్దున దీవి కనబడుతుంది అన్నాడు విలియం. కెప్టెన్ డిగ్స్ నమ్మకం లేకపోయినా దారి మార్చలేదు. తెల్లారేసరికి దీవి కనబడింది. జమైకా చేరేసరికి 81 రోజుల్లో వాచీ తప్పింది 5.1 సెకన్లు. రోజుకి ఇంత చొప్పున వెనకబడుతుందని ముందే తెలిసిన తేడాని తీసేశాక మిగిలిన తప్పు అది. 2 నిమిషాల దాకా అనుమతి ఉన్నచోట 5 సెకన్లు.

లండన్‌లో ఆ కమిషనర్ల బోర్డు ఏమంది? జమైకా రేఖాంశమే మాకు కచ్చితంగా తెలియదు, మీ వాచీ సరిగ్గా చెప్పిందని ఎలా ఒప్పుకుంటాం అంది. రోజువారీ తేడా ఎంతన్నది మీరు ముందుగా మాకు రాసివ్వలేదు అని కూడా అన్నారు. ఈ రెండో అభ్యంతరంలో పస ఉంది. ప్రయాణం అయ్యాక తేడాని సర్దుకునే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు. మొదటిదానికి మాత్రం హారిసన్ ఏం చేస్తాడు? పరీక్ష పెట్టే ఊరు ఎక్కడుందో పెట్టేవాళ్ళు చూసుకోవాలి కదా.

సరే, రెండోసారి. 1764లో బార్బడోస్. ఈసారి అక్కడి రేఖాంశం తేల్చడానికి ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తల్ని ముందే పంపారు. ఒకడు చార్లెస్ గ్రీన్, రెండోవాడు నెవిల్ మాస్కెలైన్. మాస్కెలైన్ సామాన్యుడు కాదు. చంద్రుడికీ నక్షత్రానికీ మధ్య కోణం కొలిచి, టోబియాస్ మేయర్ పట్టికలతో లెక్కకట్టి రేఖాంశం చెప్పే పద్ధతిని ఓడలో స్వయంగా చేసి, నావికులకి నేర్పుతూ 1763లో పుస్తకం వేశాడు. అంటే ఇదే బహుమతికి ఎదురుగా ఉన్న పద్ధతికి ఆయన పెద్ద సమర్థకుడు. ఆయన కొలతల మీద తన వాచీకి మార్కులు వేయడమేమిటని విలియం అక్కడే గొడవపడ్డాడు. అయినా ఫలితం బాగానే వచ్చింది. 47 రోజుల్లో 39.2 సెకన్ల తప్పు. దూరంలో చెప్పాలంటే పది మైళ్ళ లోపు. చట్టం అడిగినదానికి మూడు రెట్లు మెరుగు.

ఇక్కడ 20,000 పౌన్లు చేతిలో పెట్టాల్సింది. 1765లో ఏం చేశారంటే కొత్త చట్టం తెచ్చారు. వాచీ గుట్టంతా విప్పి చెప్పి, గడియారాలన్నీ అప్పగిస్తే సగం. ఇతరులు కూడా ఇలాంటివి చేయగలరని రుజువైతే మిగతా సగం.

అధికారుల వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. వాచీ ఒక్కటే ఉంది. చేసిన మనిషికి 72 ఏళ్ళు. ఇంకోటి చేయాలంటే ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు? రాజుగారి ఓడలు వందలు. ఆ మనిషి రేపు పోతే ఆ విద్య పోతుంది. జనం డబ్బు ఇచ్చేవాళ్ళు ఇది అడక్కపోతే వాళ్ళదే తప్పు. కానీ ఈ మాట 1714లో రాయాల్సింది. రాసి ఉంటే హారిసన్ మొదటినుంచీ నలుగురు చేయగలిగేలా డిజైన్ చేసేవాడేమో, శిష్యుల్ని పెట్టుకునేవాడేమో. పరీక్ష రాసి పాసయినవాడికి, సిలబస్ మారింది మళ్ళీ రాయమంటే మీలో ఎవరైనా ఊరుకుంటారా? ఆయన ఊరుకోలేదు. బోర్డు సమావేశం నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత, వేరే దారి లేక, ఒప్పుకున్నాడు.

1765 ఆగస్టులో రెడ్ లయన్ స్క్వేర్‌లోని ఆయన ఇంటికి బోర్డు మనుషులు వచ్చారు. మాస్కెలైన్, కేంబ్రిడ్జి నుంచి మిచెల్, లడ్లమ్, పరికరాలు చేసే జాన్ బర్డ్, వాచీలు చేసే మడ్జ్, కెండాల్, మాథ్యూస్. ఆరు రోజులు కూర్చున్నారు. హారిసన్ వాచీని ఒక్కో భాగం విప్పి, ఎందుకు అలా చేశాడో చెప్పి, వాళ్ళు అడిగినవాటికి జవాబిచ్చి, మళ్ళీ బిగించాడు. యాభై ఏళ్ళ చేతిపనిని పోటీదారుల ముందు బల్ల మీద పరచడం అది. అంతా సరిగా చెప్పాడని వాళ్ళు సంతకాలు చేశారు. అంతకుముందు ఇచ్చిన 2,500 పౌన్లు మినహాయించుకుని 7,500 ఇచ్చారు.

మిగతా సగానికి ఇంకో రెండు వాచీలు చేసి చూపించమన్నారు. మరి నమూనాగా హెచ్4 ఇవ్వండి అంటే ఇవ్వలేదు, పెట్టెలో పెట్టి తాళం వేశారు. 1766లో దాన్ని గ్రీనిచ్ పంపారు, పది నెలల పరీక్షకి. అప్పటికి రాజ ఖగోళ శాస్త్రవేత్త ఎవరు? మాస్కెలైన్. పాత మూడు గడియారాల్ని తీసుకెళ్ళడానికి ఆయనే మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మోస్తుండగా హెచ్1 కిందపడింది. స్ప్రింగులు లేని బండి మీద లండన్ వీధుల్లో గ్రీనిచ్ తరలించారు. ఇక వాచీ సంగతి. విప్పి బిగించాక మళ్ళీ సర్దుబాటు చేయలేదు, రోజుకి 20 సెకన్ల దాకా ముందుకి పోయింది. ఆరు వారాల ప్రయాణంలో ఒక డిగ్రీ లోపల చెబుతుందని దీన్ని నమ్మలేమని మాస్కెలైన్ రిపోర్టు రాశాడు. వాచీని ఎండ పడే చోట పెట్టి, థర్మామీటర్ నీడలో పెట్టారని హారిసన్ కరపత్రం వేశాడు.

మాస్కెలైన్ దురాశాపరుడు కాదు. ఆయన తెచ్చిన నాటికల్ అల్మనాక్, అంటే చంద్రుడి లెక్కలు ముందే కట్టి ఇచ్చే నావికుల పంచాంగం వల్ల నాలుగు గంటల చంద్ర గణితం అరగంటకి తగ్గింది, వేల ఓడలు దాన్ని వాడుకున్నాయి. ఆయన పద్ధతికి పరికరాలు చౌక, ప్రతి ఓడా కొనగలదు. అయితే అమావాస్య రోజుల్లో చంద్రుడు కనబడడు, మబ్బేస్తే అసలే లేదు. నేను తప్పుపట్టేది ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన చట్టాన్ని. రాజ ఖగోళ శాస్త్రవేత్త హోదాలో ఎవరున్నా బోర్డు సభ్యుడే. పోటీలో ఉన్న పద్ధతి మనిషి ఆ హోదాలోకి వస్తే పక్కన కూర్చోవాలన్న నియమం ఆ చట్టంలో లేదు.

ఇతరులు చేయగలరా అన్న ప్రశ్నకి జవాబు ఇచ్చినవాడు లార్కమ్ కెండాల్. హెచ్4కి అచ్చు నకలు చేశాడు, 1769కి పూర్తయింది. దానికి మొత్తం 500 పౌన్లు ఇచ్చారు. కెప్టెన్ కుక్ 1772లో రెండో ప్రయాణానికి దాన్నే తీసుకెళ్ళి, అంటార్కిటిక్ చలి, ఉష్ణమండలపు ఎండ రెండూ చూపించి, మూడేళ్ళ తర్వాత మెచ్చుకుంటూ తిరిగొచ్చాడు. కానీ కుక్ బయలుదేరకముందు, ఆ నకలు చూశాక కూడా, బోర్డు హారిసన్ సొంతంగా ఇంకా వాచీలు చేయాల్సిందేనంది. ఆయన ఒకటి చేశాడు, హెచ్5. అప్పటికి చూపు మందగించింది. 1772 జనవరిలో విలియం నేరుగా మూడో జార్జి రాజుకి ఉత్తరం రాశాడు. రాజుకి సైన్స్ మీద ఇష్టం, రిచ్‌మండ్‌లో సొంత అబ్జర్వేటరీ ఉంది. అక్కడ పది వారాలు పరీక్షించారు. మొదట్లో వాచీ పిచ్చిగా నడిచింది. పక్క అలమరలో అయస్కాంతం రాళ్ళు దాచిన సంగతి రాజుకే గుర్తొచ్చింది. తీసేశాక రోజుకి మూడోవంతు సెకను తేడాతో నడిచింది.

1773లో పార్లమెంటు 8,750 పౌన్లు మంజూరు చేసింది. హారిసన్‌కి 80 ఏళ్ళు. మొదటినుంచీ ఖర్చులకి ఇచ్చినవన్నీ కలిపితే 23,065 పౌన్లు ముట్టాయి. డబ్బు లెక్కలో ఆయనకి నష్టం లేదు. కానీ ప్రైజు నీదే అని బోర్డు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకే కాదు, 1828లో బోర్డుని మూసేసేదాకా పూర్తి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. 1776 మార్చి 24న, తన పుట్టినరోజునే, హారిసన్ చనిపోయాడు.

ఆ తర్వాత జాన్ ఆర్నాల్డ్, థామస్ ఎర్న్‌షా లాంటివాళ్ళు డిజైన్ మార్చి, చౌకగా, వందల సంఖ్యలో క్రోనోమీటర్లు, అంటే ఇలాంటి కచ్చితమైన ఓడ గడియారాలు, చేశారు. ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లు వాటిని తొలినాళ్ళలోనే కొనుక్కున్నారు. 1831లో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడలో 22 క్రోనోమీటర్లున్నాయి. చంద్రుడి పద్ధతి కూడా చాలాకాలం పోలేదు. నెలల తరబడి రేవు కనబడని ఓడలో క్రోనోమీటర్ గతి తప్పిందేమో చూసుకోవడానికి నావికులు దాన్నే వాడేవారు.

మద్రాసుకి కూడా ఇందులో వాటా ఉంది. ఓడలు వాడే పటాలు సరిగా ఉండాలంటే తీరంలో ఒక్క చోటైనా రేఖాంశం కచ్చితంగా తెలియాలి. కోరమాండల్ తీరాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ కట్టించిన కంపెనీ అబ్జర్వేటరీ 1792లో నుంగంబాకంలో లేచింది. బార్బడోస్‌లో మాస్కెలైన్ చేసినట్టే గురుగ్రహం ఉపగ్రహాల గ్రహణాలు చూసి మద్రాసు రేఖాంశం తేల్చారు. టాపింగ్ 1796లో మన మచిలీపట్నంలోనే చనిపోయాడు. మద్రాసు అబ్జర్వేటరీలో పరికరాన్ని నిలబెట్టిన గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది, దాని మీద తెలుగులో కూడా చెక్కారు. అది నుంగంబాకంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంటుంది, చెన్నై వెళ్ళేవాళ్ళు అనుమతి అడిగి చూడండి.

హెచ్4 లోపలి భాగాల బొమ్మలు కొన్ని ప్రింట్ తీసుకొచ్చాను, ముందు వరుస నుంచి అందరికీ అందించండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.